తమ్ముడి కిడ్నీయే పెట్టినా మందులు ఎందుకు ఆపకూడదు?

అమలాపురం నుంచి ఒకావిడ అడిగారు: "మా ఆయనకు సొంత తమ్ముడే కిడ్నీ ఇచ్చాడు. ఒకే రక్తం కదా, జీవితాంతం మందులెందుకు?"

అమ్మా, అన్నదమ్ములైనా ఒంటికి అది పరాయి అవయవమే; ఒంటి రక్షణ శక్తి దాన్ని తిప్పికొట్టాలని చూస్తుంది. జోసెఫ్ ముర్రే అనే అమెరికన్ సర్జన్ పరిశోధనంతా ఈ చిక్కుముడి చుట్టూనే తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒళ్ళు కాలిన సైనికులకు వేరేవాళ్ళ చర్మం అతికిస్తే కొన్నాళ్ళకే ఊడిపోయేది. ఎందుకలా అన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. ఏళ్ళ తరబడి కుక్కల మీద ప్రయోగాలు చేసి, 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో ఒకే పోలిక కవలల్లో ఒకరి కిడ్నీ మరొకరికి పెట్టారు. అంతకుముందే ఒకరి చర్మం ముక్కను రెండో అతనికి అతికించి, అది నిలిచాకే ఆపరేషన్‌కు దిగారు. ఆ జాగ్రత్తకు నేను చేతులెత్తి మొక్కుతాను. కిడ్నీ పెట్టించుకున్న అతను మరో ఎనిమిదేళ్ళు బతికాడు.

కవలలు కానివాళ్ళకు దారి చూపింది మందే. 1962లో ఒంటి రక్షణ శక్తిని అణిచే అజాథయోప్రిన్ అనే మందు వాడి, చనిపోయిన వ్యక్తి కిడ్నీని ఏ బంధుత్వమూ లేని మనిషిలో ఏడాదికి పైగా పనిచేయించారు. 1990లో ముర్రేకు నోబెల్ వచ్చింది.

ఒంట్లో బాగుందని మాత్రలు మానేస్తే, పైకి ఏమీ తెలియకుండానే క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం) పెరిగిపోవచ్చు. మీది లంక గ్రామమైతే, గోదావరికి వరద రాకముందే రెండు మూడు వారాల మాత్రలు అదనంగా తెచ్చిపెట్టుకోండి.