గోడల కోసం ఐదేళ్ల చదువా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. గోడలకు కూడా అర్థం ఉంటుందట, అది చదవడానికి బీఆర్క్‌లో, అంటే భవనాల రూపకల్పన నేర్పే ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీలో చేరుతుందట. గోడ కట్టేది మేస్త్రీ కదా! ఏడాదిలో అయిపోయే ఇంటీరియర్ డిజైన్ కోర్సు మేలు కాదా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, మీ దిగులు గోడల గురించి కాదు, ఐదేళ్ల ఫీజు గురించి, ఆ తర్వాతి జీతం గురించి. మొదట్లో సాఫ్ట్‌వేర్‌లో చేరినవాళ్ల కంటే తక్కువే వస్తుంది. అనుభవం వచ్చాక నిలదొక్కుకుంటారు, భయపడకండి.

ఏడాది కోర్సు మీదే నాకు అనుమానాలు. వాటిలో చాలావరకు నేర్పేది కంప్యూటర్‌లో అందమైన బొమ్మలు గీయడం. ఇప్పుడు అందరికీ ఓపెన్ కిచెన్ కావాలి. వంటింటి గోడ తీసేయమంటారు. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ అయితే సరే. పై అంతస్తు బరువు మోసే గోడ అయితే? కొత్త అపార్ట్‌మెంట్లు కొన్నింటిలో కాంక్రీటు గోడలే భవనాన్ని మోస్తున్నాయి. తెర మీద ఏ గోడనైనా చిటికెలో చెరిపేయవచ్చు. పైగా 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం నమోదు లేనివారు ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోకూడదు. ఏడాది కోర్సుతో ఆ నమోదు రాదు.

ఇక అర్థం సంగతి. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధంలో చనిపోయిన సైనికుల స్మారకానికి 1981లో పోటీ పెడితే, 1,400కు పైగా నమూనాల్లో గెలిచింది 21 ఏళ్ల విద్యార్థిని మాయా లిన్. విగ్రహం లేదు, స్తంభం లేదు. నేలలోకి దిగిన నల్లరాతి గోడ. పనిని బట్టి చూస్తే వెనకాల మట్టి జారకుండా ఆపే గోడే. కానీ దాని మీద 58 వేలకు పైగా పేర్లున్నాయి. నునుపు చేసిన రాయిలో, ఆ పేర్ల మధ్య, చదివేవారి ముఖమూ కనిపిస్తుంది. ఇది అవమానమని అప్పట్లో కొందరు మండిపడ్డారు. 1982లో పూర్తయ్యాక మాత్రం జనం వచ్చి పేర్లను వేళ్లతో తడిమారు, కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకెళ్లారు. అన్నట్టు, ఆ గ్రానైట్ వెళ్లింది మన బెంగళూరు వైపు నుంచే.

అంత దూరం ఎందుకు? ప్రహరీ మీద గాజుపెంకులు గుచ్చించే ఇళ్లను చూడలేదా? అవి వీధిలో వెళ్లేవారికి ఏమి చెబుతాయో మీకు తెలుసు. పదిహేడేళ్లకే ఇది గమనించిన పిల్లను ఒక్క మాటతో కొట్టిపారేశారు. మేస్త్రీ పనినీ చులకన చేశారు.

సెలవుల్లో ఏదైనా ఇల్లు కడుతున్న చోటికి అమ్మాయిని నాలుగు రోజులు పంపండి. ఎండకూ దుమ్ముకూ విసుగెత్తకపోతే చేర్పించండి. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఆమోదం ఈ ఏడాదికి ఉందో లేదో చూసుకోండి.