పెద్దపేగు క్యాన్సర్ మళ్లీ వస్తుందో లేదో ఎంజైమ్ పరీక్ష చెబుతుందా?

ప్రశ్న: మా నాన్నకు 56 ఏళ్లు. సోంపేట దగ్గర కొబ్బరి, జీడి తోటలు చూసుకుంటారు. పెద్దపేగు క్యాన్సర్‌కి మూడు వారాల క్రితం విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. తీసిన 16 లింఫు గ్రంథుల్లో రెండింటిలో క్యాన్సర్ ఉందని, టీ3 ఎన్1 (గడ్డ పేగు కండరాన్ని దాటింది, ఒకటి నుంచి మూడు గ్రంథుల్లో ఉంది) అని రిపోర్టులో ఉంది. ఆపరేషన్‌కి ముందు రక్తంలో సీఈఏ (ఈ క్యాన్సర్‌లో పెరిగే సూచిక) 8.4. కణితిలో ఎంజైమ్‌లు ఎంత ఉన్నాయో చూపిస్తే జబ్బు తిరగబెడుతుందో, లివర్‌కి పాకుతుందో తెలుస్తుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. చేయించమంటారా?
– ఓ పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: వాళ్లు చెప్పిన దాంట్లో నిజం ఉంది. కానీ ఆ పరీక్షతో మీ నాన్నగారి వైద్యం మారదు. అందుకే దానికి డబ్బు ఖర్చు పెట్టొద్దంటాను. ఎంజైమ్‌లకు సంబంధించి ఆయనకు పనికొచ్చే పరీక్షలు వేరే రెండు ఉన్నాయి.

పేగు లోపలి పొర కింద కొలాజెన్‌తో అల్లిన పలుచటి పొర ఉంటుంది. కంచె తెగితేనే కదా పశువు పొలంలో పడేది! క్యాన్సర్ కణం కూడా ఆ పొరను తెంచుకుంటేనే రక్తనాళాల్లోకి, అక్కడి నుంచి లివర్‌కి చేరుతుంది. ఎంఎంపీ-7, ఎంఎంపీ-9 వంటి ఎంజైమ్‌లు ఆ అల్లికను కత్తిరిస్తాయి. ఇవి ఎక్కువగా ఉన్న కణితులు తిరగబెట్టడం, పాకడం ఎక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది. కాక్స్-2 అనే మరో ఎంజైమ్ గురించీ ఇదే మాట ఉంది.

చిక్కంతా కొలవడంలో ఉంది. కణితిని ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనపు దిమ్మగా చేసి, 3, 4 మైక్రాన్ల మందాన ముక్కలు కోసి రంగు వేస్తారు. ఎంజైమ్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. ఎన్ని కణాలకు రంగు పట్టింది, ఎంత ముదురుగా పట్టింది అన్నది పాథాలజిస్టు కంటితో చూసి చెబుతారు. కణితి అంచున ముదురుగా ఉన్న రంగు మధ్యలో వెలిసినట్టు ఉండొచ్చు. ఫార్మలిన్‌లో వేయడం ఆలస్యమైతే రంగు సరిగా పట్టదు. ఒక ల్యాబ్ 10 శాతం కణాలు దాటితే ‘ఎక్కువ’ అంటే, ఇంకో ల్యాబ్ 50 శాతం దాటాలంటుంది. ఒకే దిమ్మకు రెండు రిపోర్టులు వస్తే మీరు దేన్ని నమ్ముతారు?

అంతకంటే ముఖ్యం, గ్రంథుల్లోకి వచ్చింది కాబట్టి ఇది మూడో దశ. ఎంజైమ్ ఎక్కువున్నా కీమో ఇవ్వాలి, తక్కువున్నా ఇవ్వాలి. ఎంజైమ్‌ను అణిచే మందు వేస్తే సరిపోదా అనిపిస్తుంది. కాక్స్-2ను అణిచే సెలెకాక్సిబ్‌ను మూడో దశ రోగులకు కీమోతో కలిపి ఇచ్చి చూశారు. 2021లో వచ్చిన ఫలితాల్లో మొత్తం మీద జబ్బు తిరగబెట్టడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

చేయించాల్సిన వాటిలో మొదటిది ఎంఎంఆర్. డీఎన్‌ఏలో దొర్లిన తప్పులను సరిదిద్దే నాలుగు ప్రొటీన్లు ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 ఉన్నాయా లేవా అన్నది ఇందులో చూస్తారు. ఉన్న దిమ్మ మీదే చేస్తారు, మళ్లీ ముక్క తీయనక్కర్లేదు. ఏదైనా లోపిస్తే కీమోకి ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి పురికొల్పే మందు) కలపాలా అన్నది ఆలోచిస్తారు. అది వంశపారంపర్యమైన లించ్ సిండ్రోమ్ కూడా కావచ్చు. అదే అని తేలితే మీకూ, మీ తోబుట్టువులకూ జన్యు పరీక్ష అవసరం. నాన్నగారి కణితిలో ఏ లోపమూ లేదని తేలినా మీకు 40 ఏళ్లు వచ్చేసరికి కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఇది మాత్రం మరవకండి.

రెండోది డీపీడీ. కీమోలో వాడే కేపసిటబిన్ మాత్రలు, 5-ఎఫ్‌యూ ఇంజక్షన్ శరీరంలో విరిగేది ప్రధానంగా ఈ ఎంజైమ్ వల్లే. అది తక్కువున్నవాళ్లకు మామూలు డోసే విషమవుతుంది. ఈ ఎంజైమ్‌కి మూలమైన డీపీవైడీ జన్యువును చూసే రక్త పరీక్ష మొదటి కీమోకి ముందే అయిపోవాలి. నార్మల్ వచ్చినా ధీమా వద్దు. మామూలుకంటే నాలుగు విరేచనాలు ఎక్కువైనా, నోరు పూసి అన్నం మింగలేకపోయినా ఆ పూట మాత్ర ఆపి వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి.

మీది ఉద్దానం కాబట్టి ఇంకో మాట. పైకి ఏ బాధా లేకుండానే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు మీ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. కీమోకి ముందు, రంగు మందు ఎక్కించి సీటీ తీసే ప్రతిసారీ క్రియాటినిన్ చూపించండి. దాన్నిబట్టి లెక్కగట్టే క్రియాటినిన్ క్లియరెన్స్ 30–50 మధ్య ఉంటే కేపసిటబిన్ డోసును 75 శాతానికి తగ్గిస్తారు. 30 కంటే తక్కువైతే ఇవ్వరు. నొప్పులకని మెడికల్ షాపులో కిడ్నీలకు చేటు చేసే డైక్లోఫెనాక్ కొని వాడనివ్వకండి.

టీ3 ఎన్1కి చాలామందిలో కేపసిటబిన్ మాత్రలు, ఆక్సాలిప్లాటిన్ ఇంజక్షన్ కలిపి మూడు నెలలు సరిపోతాయి. ఆపరేషనైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు మొదలవ్వాలి. అంటే మీ చేతిలో ఉన్నది మూడు నుంచి ఐదు వారాలే.

తిరగబెట్టడాన్ని తొందరగా పట్టిచ్చేవి సీఈఏ, సీటీ. ఎక్కువ కేసులు మొదటి రెండు మూడేళ్లలోనే బయటపడతాయి. కీమోకి ముందు ఒకసారి సీఈఏ చేయించండి, 5 లోపుకి దిగి ఉండాలి. ఆ తర్వాత రెండేళ్లపాటు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి చేయించండి. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. చుట్ట, బీడీ తాగినా, కీమోతో లివర్ అలిసినా సీఈఏ కాస్త పెరుగుతుంది. ఒక్క అంకె చూసి బెంబేలెత్తకుండా నాలుగు వారాలాగి మళ్లీ చూడాలి. వరుసగా పెరుగుతుంటే మాత్రం సీటీ తీయాల్సిందే. లివర్‌లో ఒకటి రెండు మచ్చలున్నప్పుడే దొరికితే వాటిని కోసి తీసేసి జబ్బు నయం చేసే అవకాశం ఇంకా ఉంటుంది. సీటీ ఎలాగూ ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి ఉంటుంది. కొలనోస్కోపీ ఆపరేషనైన ఏడాదికి చేయించాలి. ఆపరేషన్‌కి ముందు గడ్డ అడ్డుపడి పేగంతా చూడలేకపోయి ఉంటే మూడు నుంచి ఆరు నెలల్లోనే చేయించాలి.

ఈ వారమే ఆసుపత్రికి వెళ్లి బయాప్సీ రిపోర్టు నకలు, దిమ్మ నంబరు తీసుకోండి. ఎంఎంఆర్ చేశారేమో అడగండి, చేయకపోతే దిమ్మ ఇప్పించుకుని అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రిలోనైనా, మీరు కీమోకి వెళ్లబోయే చోటైనా చూపించండి. దిమ్మను ఎండలో, వేడెక్కిన బండి డిక్కీలో పెట్టకండి, మైనం మెత్తబడి పాడవ్వచ్చు.