జావాస్క్రిప్ట్ బేసిక్స్‌కి అమీర్‌పేట కోర్సు కావాలా?

బీకామ్ చేశాను, కోడింగ్ తెలియదు, జావాస్క్రిప్ట్ కోసం అమీర్‌పేటలో చేరాలా, ఇంట్లోనే నేర్చుకోవచ్చా అని అడిగారు. నేనూ డిగ్రీ కామర్స్‌తోనే చేశాను. ఎస్ఆర్ నగర్ హాస్టల్లో ఉంటూ మైత్రీవనం దగ్గర క్లాసులకు వెళ్లాను, ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం.

బేసిక్స్‌కి ఫీజు అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కి, తెరుచుకున్న ప్యానెల్లో కన్సోల్ (Console) ట్యాబ్‌కి వెళ్తే కోడ్ అక్కడే రాసి చూడొచ్చు. వేరియబుల్స్, ఇఫ్, లూప్, ఫంక్షన్, అర్రే, ఆబ్జెక్ట్ చేతికి అలవాటయ్యే దాకా రియాక్ట్ (జావాస్క్రిప్ట్‌తో పేజీలు కట్టడానికి వాడే లైబ్రరీ) జోలికి వెళ్లకండి. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, సొంతంగా టైప్ చేస్తేనే ఎక్కడ ఆగుతున్నామో తెలుస్తుంది.

మొదట ఒక బిల్లు పేజీ చేయండి. రెండు ఇన్‌పుట్ బాక్సులు, ఒక బటన్. ఒకదాంట్లో బిర్యానీ ధర 250, ఇంకోదాంట్లో పార్సిల్ ఛార్జి 20 వేసి ప్లస్‌తో కూడితే 270 రాదు, 25020 వస్తుంది! మామూలు టెక్స్ట్ బాక్సులో అంకెలు కొట్టినా దాని వాల్యూ స్ట్రింగ్‌గానే, అంటే అంకెగా కాకుండా అక్షరాల వరుసగానే వస్తుంది. రెండు స్ట్రింగుల మధ్య ప్లస్ పెడితే అవి పక్కపక్కన అతుక్కుంటాయి. అదే మైనస్ పెట్టి చూడండి, 230 సరిగ్గా వస్తుంది. స్ట్రింగుల్లో తీసివేత అనేది లేదు కాబట్టి జావాస్క్రిప్టే వాటిని అంకెలుగా మార్చుకుంటుంది. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. రెండింటినీ ముందు నంబర్ (Number) ఫంక్షన్‌తో మార్చి, తర్వాత కూడండి.

1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ ఈ భాష తొలి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశారు. ఇలా తనే మార్చుకోవడం లాంటి అప్పటి పద్ధతులు ఇప్పుడు మారిస్తే పాత వెబ్‌సైట్లు పనిచేయవు, అందుకే చాలావరకు అలాగే ఉంచేశారు. రెండు ఈక్వల్స్ (==) కూడా ఇలాగే స్ట్రింగ్‌ని అంకెగా మార్చి పోలుస్తుంది, అందుకే పోల్చేటప్పుడు మూడు (===) పెట్టడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

కన్సోల్‌లో ఎర్రగా ఎర్రర్ కనిపిస్తే టెన్షన్ పడొద్దు. కుడివైపు లైన్ నంబర్ ఉంటుంది, దాని మీద నొక్కితే ఆ లైన్ దగ్గరికే తీసుకెళ్తుంది. బటన్ దగ్గర నల్ (null, అంటే బటన్ దొరకలేదని) వస్తే, పేజీలో బటన్ తయారవకముందే మీ స్క్రిప్ట్ నడిచిందేమో చూడండి. స్క్రిప్ట్ ట్యాగ్‌ని బాడీ చివరికి మార్చండి. వేరే ఫైల్లో ఉంటే స్క్రిప్ట్ ట్యాగ్‌లో డిఫర్ (defer) అని చేర్చినా సరిపోతుంది.

సందేహం వస్తే ఎండీఎన్ (MDN) అనే వెబ్‌సైట్ చూడండి, ఉచితం, నేను రోజూ చూసేది అదే. ఒంటరిగా కూర్చుంటే సాగట్లేదు అనిపిస్తే మాత్రం కోర్సులో చేరండి, తప్పేం లేదు. ఫీజు కట్టేముందు డెమో క్లాసులో కూర్చుని, మీ చేత కోడ్ రాయిస్తున్నారో లేదో చూసుకోండి.