అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన అంటే పేషెంట్ల మీద ప్రయోగాలేనా?

అమ్మగారిని చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చబోతున్నామని, అక్కడ పరిశోధన కూడా చేస్తారని విని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందని రాశారు. మా పిన్ని నెల్లూరు నుంచి వచ్చి, వేళచేరిలో మా ఇంట్లో ఉండి, అక్కడే రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం చేయించుకుంది. ఆ అనుభవంతో చెబుతున్నాను, ధైర్యంగా తీసుకెళ్లండి.

అది లాభాల కోసం పెట్టింది కాదు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ దుఃఖమే ముత్తులక్ష్మి గారి చేత ఈ సంస్థ పెట్టించింది. 1954లో 12 పడకలతో మొదలైంది. 1955లో చేరిన డాక్టర్ శాంత 2021లో కన్నుమూసేదాకా ఆ సంస్థనే తన జీవితం చేసుకున్నారు. ఆవిడకు 2005లో మెగసెసే అవార్డు వచ్చింది. నాకైతే, పిల్లల క్యాన్సర్లకు 1960లోనే విడిగా విభాగం పెట్టడం అంతకన్నా పెద్ద విషయం.

ఇక పరిశోధన సంగతి. పిన్నిని చేర్చినప్పుడు ఊరు, వయసు, కాన్పులు, పొగాకు అలవాటు, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని చాలా అడిగారు. ఇవన్నీ ఎందుకని బాబాయి విసుక్కున్నాడు. నిజానికి పరిశోధనకు పునాది ఆ వివరాలే. చెన్నై నగర క్యాన్సర్ రిజిస్ట్రీని, అంటే నగరంలో ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో నమోదు చేసే పట్టికను, 1982 నుంచి ఈ సంస్థే నడుపుతోంది. నగరంలోని మిగతా ఆసుపత్రుల కేసులు, మరణాల నమోదు కూడా చూసి లెక్క కడతారు. ఇక్కడి ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తగ్గుతోందని, రొమ్ము క్యాన్సర్ పెరుగుతోందని తెలిసింది అలాంటి లెక్కల వల్లే. అది తెలియకపోతే ఏ పరీక్షలు ఎవరికి ముందుగా చేయాలో ప్రభుత్వానికైనా ఎలా తెలుస్తుంది? పిన్నిలా బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆ నగర లెక్కలోకి రారు. కానీ వాళ్లకు ఏ వైద్యం చేస్తే ఎన్నేళ్లు బాగున్నారన్నది ఆసుపత్రి రికార్డుల్లో ఉంటుంది. తర్వాత వచ్చే పేషెంట్‌కి డాక్టర్ ధైర్యంగా ఒక మాట చెప్పగలిగేది వాటిని చూసే.

కొత్త మందుల ట్రయల్, అంటే మందు ఎలా పనిచేస్తుందో పేషెంట్లకు ఇచ్చి చూడడం, వేరు. అందులో చేరమని అడిగితే కాగితం మీద సమ్మతి తీసుకోవాలి. ఇష్టం లేకపోతే వద్దనవచ్చు, మధ్యలో బయటికి రావచ్చు, మామూలు వైద్యం ఆగదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. కాగితం అరవంలోనో ఇంగ్లీషులోనో ఉంటే మొహమాటపడకండి, తెలుగులో వివరించమనండి. అమ్మగారికి అర్థమయ్యాకే సంతకం పెట్టించండి.

పాత బయాప్సీ (గడ్డ నుంచి ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టుతో పాటు ఆ ముక్కను ఉంచిన గాజు స్లయిడ్లు, మైనపు బ్లాకులు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకెళ్లండి. వైద్యం అయిపోయాక ఇల్లు మారినా, ఫోన్ నంబరు మారినా వాళ్లకు చెప్పండి. బాగైపోయింది కదా అని చెకప్‌లు మానేస్తే అమ్మగారికీ మంచిది కాదు, ఆ రికార్డూ అసంపూర్తిగా మిగిలిపోతుంది.