అమ్మ మొక్కు, కొడుకు మెడ

ప్రశ్న: మాది కడప దగ్గర పల్లె. సెమినరీలో, అంటే కాథలిక్ గురువులను (ఫాదర్లను) తయారుచేసే చోట, ఫిలాసఫీ రెండో ఏడు చదువుతున్నాను. గుడిలో కూర్చుంటే పరీక్షలు గుర్తొస్తాయి. పుస్తకం తీస్తే ప్రార్థన ఎగ్గొట్టానన్న టెన్షన్. పిల్లలు లేక అమ్మ, కొడుకు పుడితే గురువును చేస్తానని ఆరోగ్యమాతకు (మరియమ్మకు) మొక్కుకుంటే పుట్టానట. నేను గురువునయ్యాక తొడుక్కునే అంగీకని తెల్లగుడ్డ కొని అప్పుడే బీరువాలో పెట్టింది. ఫోన్ చేస్తే, సెమినరీవాళ్లను పిలిచినట్టు 'ఏం బ్రదరూ' అంటుంది. ప్రార్థనకూ చదువుకూ టైమ్ ఎలా పంచుకోవాలి?

జవాబు: టైమ్ నువ్వు పంచుకోనక్కర్లేదు నాయనా, సెమినరీలో కొట్టే గంటే పంచిపెడుతుంది. చదువుతున్న గంట దేవుడిది కాదని నీకెవరు చెప్పారు? ఫ్రాన్స్ పునీతుడు జాన్ మరియ వియాన్నీ గారు లాటిన్ ఒంటబట్టక పరీక్ష తప్పారు, అయినా 1815లో గురువయ్యారు. ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం.

నేను ఆగిపోయింది బీరువాలోని తెల్లగుడ్డ దగ్గర. అంగీ కుట్టించే నాటికి నువ్వు బక్కపడతావో లావెక్కుతావో తెలీదు, అమ్మ మాత్రం గుడ్డ కొనేసింది! నువ్వు జడుస్తున్నది దేవుడికి కాదు, అమ్మకు. మార్కులు తగ్గినా, ప్రార్థనలో మనసు నిలవకపోయినా ఆమె మొక్కు చెడుతుందని నీ భయం. 'నాకు గురువు కావాలనుంది' అన్న ముక్క నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. 'వద్దు' అని కూడా లేదు.

మన సీమలో మొక్కంటే ఆషామాషీ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఎవరి మొక్కు వాళ్లే తీర్చుకోవాలి. తలనీలాలిస్తానని మొక్కి పక్కింటివాడి తల గొరిగిస్తామా? ఎవరినీ, ఏ కారణంతోనూ, ఏ విధంగానూ గురుపట్టానికి బలవంతపెట్టకూడదని 1983 నాటి మన శ్రీసభ (కాథలిక్ సంఘం) చట్టం, 1026వ కానన్ (నిబంధన) చెబుతోంది. అందులో అమ్మలకు మినహాయింపు లేదు.

ముందు మీ ఆత్మ సంగతులు చూసే స్పిరిచువల్ ఫాదర్ దగ్గర మనసు విప్పు. సెమినరీ పెద్ద రెక్టర్ చెవిన పడుతుందని భయపడకు. నీకు పట్టం ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు స్పిరిచువల్ ఫాదర్ అభిప్రాయం అడగనే కూడదు, 240వ కానన్ చూసుకో. పైగా నీకింకా నాలుగేళ్ల థియాలజీ ఉంది, తొందరేం లేదు.

సెలవులకు పోయినప్పుడు, మీ నాయన పొలం నుంచి రాకముందే, అమ్మ పక్కన కూర్చుని 'బ్రదరూ అనొద్దమ్మా, పేరు పెట్టి పిలువు' అను. ఏడుస్తుంది. ఏడవనీ, నువ్వు మాత్రం లేచిపోవద్దు. కాసేపటికి ఆ గుడ్డ సంగతి ఆమే ఎత్తుతుంది. అప్పుడు నీకేమనిపిస్తే అది చెప్పు. 'తెలీదమ్మా' అనిపిస్తే అదే చెప్పు.