జెల్ చిక్కబడాలంటే పక్కన ఏముందో చూడు

చిన్నీ,

కండిషనర్‌లో తెల్లటి ముద్దలు కట్టాయని బ్లెండర్‌ని తిట్టుకోకు. నువ్వు చిక్కదనానికి వేసిన సీఎంసీ, అంటే కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, నీళ్లలో కరిగాక నెగటివ్ చార్జ్‌తో ఉంటుంది, జుట్టుని మెత్తబరిచే సెట్రిమోనియం క్లోరైడ్‌దేమో పాజిటివ్, ఇక రెండూ పట్టుకుని ముద్దలవ్వక ఏమవుతాయి? చిక్కదనానికి జాంథాన్ గమ్ వేసినా అదే గొడవ, దానిదీ నెగటివ్ చార్జే. అలాంటి చోట చార్జ్ లేని హెచ్‌ఈసీ, అంటే హైడ్రాక్సీ ఇథైల్ సెల్యులోజ్, తీసుకో. షాంపూ డబ్బాల మీద పాలీక్వాటర్నియం-10 అని కనిపిస్తుందే, అదీ సెల్యులోజే, కాకపోతే పాజిటివ్ చార్జ్ తగిలించినది. తల కడిగేటప్పుడు షాంపూ పల్చనయ్యేకొద్దీ నురగనిచ్చే పదార్థంతో జతకట్టి జుట్టు మీద సన్నగా పేరుకుంటుంది, దువ్వెన సాఫీగా దిగేది అందుకే.

కలబంద జెల్‌కి కార్బోమర్ అనే చిక్కబరిచే పొడి వద్దన్నది కూడా ఊరికే కాదు. కలబంద రసంలో లవణాలుంటాయి, వాటి దెబ్బకి కార్బోమర్ నీరుకారిపోతుంది. హెచ్‌ఈసీ అంత తేలిగ్గా లొంగదు. నూటికి ఒక గ్రాము దగ్గర మొదలుపెట్టు, మరీ ఎక్కువేస్తే తీగలు సాగుతూ జిడ్డుగా ఉంటుంది, నాకైతే చిరాకు.

కలిపే పద్ధతి దగ్గరే చాలామందికి దెబ్బ పడుతుంది. పొడిని నేరుగా నీళ్లలో పోస్తే పైన తడిసి లోపల పొడిగా ఉండలు కడుతుంది, రాగిపిండిని మరిగే నీళ్లలో పోసినట్టే. ముందు గ్లిజరిన్‌లో పలచగా కలిపి, ఆ తర్వాత నీళ్లు పోస్తూ తిప్పు. కాస్మెటిక్ గ్రేడ్ హెచ్‌ఈసీ చాలావాటికి పొడి రేణువుల మీద పైపూత ఉంటుంది, పుల్లటి నీళ్లలో అది చాలాసేపు కరగకుండా మొండికేస్తుంది, కాబట్టి సిట్రిక్ యాసిడ్ ముందే వేసేయకు. పొడి విడిపోయాక చిటికెడు వంటసోడా వేస్తే చూస్తుండగానే చిక్కబడుతుంది. బాగా చిక్కబడ్డాకే సిట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్, అంటే పులుపు కొలత, కిందికి దించు. పైపూత లేని హెచ్‌పీఎంసీ (హైడ్రాక్సీ ప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్, ఇదీ చిక్కబరిచే పొడే)ది ఇంకో దారి: వేడినీళ్లలో కరగదు, కాబట్టి అందులో చల్లి విడదీసి, చన్నీళ్లు పోసి చల్లారిస్తే కరుగుతుంది.

ఇంకోటి, ఈ చిక్కబరిచే పొడులు నూనెని నీళ్లతో కలపవు, విడిపోవడాన్ని ఆలస్యం చేస్తాయంతే. నూనెనీ నీళ్లనీ కలిపి ఉంచే ఎమల్సిఫయర్ మానేసి హెచ్‌ఈసీతో నెట్టుకొద్దామంటే కుదరదు.

వానాకాలంలో జెల్ పల్చబడిందంటే ముందు బూజునే అనుమానించు. బూజు వదిలే ఎంజైమ్ సెల్యులోజ్ గొలుసుల్ని కత్తిరించేస్తుంది, క్రిమి చచ్చినా ఆ ఎంజైమ్ మిగిలి పని చేస్తూనే ఉండొచ్చు, అందుకని మళ్లీ పొడి వేసి చిక్కబరచడం డబ్బు దండగ. ఆ బ్యాచ్ పారబోసి గిన్నెలు వేడినీళ్లతో కడుగు, ఈసారి ప్రిజర్వేటివ్ సరిపడా తూచి వెయ్.

కొత్త ఫార్ములా చేసినప్పుడల్లా రెండు సీసాలు తియ్యి, ఒకటి చల్లగా ఉండే గదిలో, ఒకటి వంటింటి వేడిలో, మూత మీద తేదీ రాసి నెల రోజులుంచు. ఏది పల్చబడిందో నాకు ఫోన్ చేసి చెప్పు, అందులో ఏమేం వేశావో కాగితం చూసి చదువు.

నీ పెద్దమ్మ