పాఠకుల ప్రశ్నలు: సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయర్‌కు ఏ ట్యూబు?

ప్రశ్న: ఇంట్లోనే సింగిల్ ఎండెడ్ ట్రయోడ్ యాంప్లిఫయర్, అంటే ఒక్కో స్పీకరును మూడు ఎలక్ట్రోడ్ల వాక్యూమ్ ట్యూబు (ట్రయోడ్) ఒక్కటే నడిపే రకం, కట్టుకోవాలని ఉంది. తెలిసినవారంతా 300బి వాడమంటున్నారు గాని, దాని ధర నాకు భారమే. మా గది 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉంటుంది. నా స్పీకర్ల సెన్సిటివిటీ (ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో వినిపించే ధ్వని) 87 డెసిబెళ్లు. సీడీ ప్లేయరు మీద ఎక్కువగా బాలమురళీకృష్ణ గారి కచేరీలు, ఘంటసాల గారి పాటలు వింటాను. 45, 2ఏ3, 300బి ట్యూబులలో దేనిని ఎంచుకోవాలి? నా దగ్గరున్న 6ఎస్ఎన్7 ట్యూబులు డ్రైవరుగా (సంకేతాన్ని పెంచి అవుట్‌పుట్ ట్యూబుకు అందించే ముందు దశగా) సరిపోతాయా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీరు రాసిన వివరాలలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ 87 అనే అంకె. 250 వోల్టుల ప్లేటు (ట్యూబులో ఎలక్ట్రాన్లను అందుకునే భాగం) వోల్టేజి దగ్గర 45 ట్యూబు ఇచ్చేది 1.6 వాట్లు, 2ఏ3 ఇచ్చేది 3.5 వాట్లు, 350 వోల్టుల దగ్గర 300బి ఇచ్చేది సుమారు 8 వాట్లు. మూడున్నర వాట్ల నుంచి ఎనిమిదికి వెళ్లడం పెద్ద మార్పుగా కనిపిస్తుంది గాని, చెవికి అందే తేడా మూడున్నర డెసిబెళ్లే. అదే డబ్బుతో 95 డెసిబెళ్ల స్పీకర్లు తెచ్చుకుంటే 8 డెసిబెళ్లు కలిసివస్తాయి, అంటే యాంప్లిఫయర్ శక్తిని ఆరు రెట్లు పెంచినట్లే. ఇప్పుడున్న స్పీకర్లతో గాత్రం హాయిగానే వినిపిస్తుంది. తని ఆవర్తనంలో మృదంగం దెబ్బ గట్టిగా పడినప్పుడు మాత్రం 2ఏ3 అయినా, 300బి అయినా ఊపిరాడక నలుగుతుంది. అందువల్ల 2ఏ3 తీసుకొని, మిగిలిన సొమ్మును స్పీకర్లకూ, ట్యూబును స్పీకరుకు కలిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లకూ కేటాయించుకోవాలని నా గట్టి సలహా. 45 ట్యూబు స్వరం నాకెంతో ఇష్టమైనా, మీ స్పీకర్లకు దాన్ని సూచించలేను.

డ్రైవరు విషయంలోనూ 2ఏ3 వైపే మొగ్గు చూపవలసి వస్తుంది. 2ఏ3 గ్రిడ్ (సంకేతం అందుకునే భాగం) బయాస్, అంటే దానిపై ఉంచే స్థిర వోల్టేజి, మైనస్ 45 వోల్టులు కనుక, పూర్తి శక్తి రావాలంటే గ్రిడ్‌కు 45 వోల్టుల శిఖరం ఉన్న సంకేతం అందాలి. సీడీ ప్లేయరు నుంచి వచ్చే 2 వోల్టుల సంకేతానికి శిఖరం 2.8 వోల్టులు, 6ఎస్ఎన్7లో ఉండే రెండు ట్రయోడ్‌లలో ఒకటి, అంటే ఒక సగం, దాన్ని సుమారు 15 రెట్లు పెంచుతుంది కనుక 42 వోల్టులు వస్తాయి, అంటే దాదాపు అందినట్లే. 300బికి 350 వోల్టుల దగ్గర బయాస్ మైనస్ 74 కాబట్టి అక్కడ ఒక్క దశ చాలదు. ఫోను నుంచి వినాలనుకుంటే మాత్రం 2ఏ3కి కూడా 6ఎస్ఎన్7లోని రెండు సగాలనూ ఒకదాని వెంట ఒకటి వాడండి. మొదటి సగం కాథోడ్ (ఎలక్ట్రాన్లను విడుదల చేసే భాగం) దగ్గర కెపాసిటర్ పెట్టకపోతే అవసరానికి మించిన పెంపు కొంత తగ్గుతుంది.

2ఏ3కి ప్రైమరీ (ట్యూబు వైపు వైండింగ్) ఇంపిడెన్సు 2500 ఓమ్‌లు ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 8 ఓమ్‌ల స్పీకరుకు చుట్ల నిష్పత్తి సుమారు 17.7కు 1. ఇక్కడే చాలామంది నష్టపోతున్నారు. స్టెబిలైజర్లు చుట్టే వైండింగ్ షాపులో చేయించుకోవడం తప్పేమీ కాదు గాని, ఈ ప్రైమరీ గుండా 60 మిల్లీ ఆంపియర్ల డీసీ ఎల్లవేళలా ప్రవహిస్తుందనీ, అందుకని కోరులోని E, I ఆకారపు రేకులను ఒకదానిలో ఒకటి అల్లకుండా, E రేకులన్నీ ఒక వైపు, I రేకులన్నీ మరో వైపు ఉంచి, నడుమ సన్నని కాగితం గ్యాప్ పెట్టాలనీ వైండరుకు స్పష్టంగా చెప్పండి. గ్యాప్ లేకపోతే కోరు సంతృప్తమైపోయి, ఎంత మంచి ట్యూబు పెట్టినా మంద్రస్థాయి మొద్దుబారుతుంది.

కాథోడ్ బయాస్‌కు 750 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్ వాడండి. సప్లయి సుమారు 310 వోల్టులు ఉండాలి. ఫిలమెంటుకు (ట్యూబును వేడిచేసే తీగకు) 2.5 వోల్టుల ఏసీ చాలు, అడ్డంగా 100 ఓమ్‌ల హమ్ పాట్ (తిప్పి సర్దుకునే రెసిస్టర్) పెట్టి గుర్రు తగ్గించుకోవచ్చు. మన కరెంటు 250 వోల్టులకు ఎగబాకితే 230కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ 2.5 కాస్తా 2.7 దాటి ట్యూబు ఆయుష్షు తగ్గుతుంది కనుక, ఆ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి 240, 250 ట్యాపింగులు (కరెంటు వోల్టేజిని బట్టి మార్చుకునే కొసలు) తప్పక వేయించుకోండి. సప్లయి కెపాసిటర్లకు బ్లీడర్ రెసిస్టర్ (స్విచ్ తీశాక వాటిలో మిగిలిన విద్యుత్తును ఖాళీ చేసేది) లేకుండా మాత్రం దయచేసి స్విచ్ వేయకండి. ఆ 300 వోల్టులు కరెంటు తీసేసిన తరువాత కూడా ప్రాణం తీయగలవు.

ప్రశ్న: నాన్నగారి పాత రేడియోలోంచి తీసిన భారత్ ఎలక్ట్రానిక్స్ ఈఎల్84 ట్యూబులు రెండు ఉన్నాయి. వాటితో ట్రయోడ్ యాంప్లిఫయర్ చేయవచ్చా?
– మరొక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: తప్పకుండా చేయవచ్చమ్మా, మొదటిసారి కట్టేవారికి ఇదే మేలు. స్క్రీన్ గ్రిడ్‌ను (ఆ ట్యూబులోని రెండో గ్రిడ్‌ను) 100 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ప్లేటుకు కలిపితే ఈఎల్84 ట్రయోడ్‌లా పనిచేస్తుంది. 250 వోల్టులు, 3500 ఓమ్‌ల ప్రైమరీ, 270 ఓమ్‌ల కాథోడ్ రెసిస్టర్‌తో సుమారు 2 వాట్లు ఇస్తుంది. దానికి 6.7 వోల్టుల సంకేతం చాలు కనుక డ్రైవరుతో ఇబ్బంది ఉండదు. ఫిలమెంటు వేరుగా కాథోడ్‌ను వేడిచేసే రకం కావడం వల్ల గుర్రు కూడా తక్కువే. రేడియోలోని పాత కప్లింగ్ కెపాసిటర్లను (డీసీని ఆపి, సంకేతాన్ని ఒక దశ నుంచి మరో దశకు పంపేవి) మాత్రం ఎంత బాగున్నట్లు కనిపించినా వాడకండి. వాటిలోంచి డీసీ కారితే గ్రిడ్ బయాస్ చెడి, నాన్నగారి ట్యూబులు ఒక్క సాయంత్రంలోనే ప్లేటు ఎర్రబడి పాడైపోతాయి.